కొండగంట పూసే దాకా

అశ్వని కార్తె, సోమవారం

గాలి బాగుంది. తేమ సరిపడా ఉంది. పొగ లేదు.

రోజూ ఈ మూడు ముక్కలు రాసి పై ఆఫీసుకి పంపడం నా ఉద్యోగం. దీనికో మనిషి కావాలా అని ఎగతాళి చేసేవాళ్ళు ఒక్కపూట నాతో వచ్చి గాలి గొట్టాల జల్లెడలు ఊడదీసి కడిగి చూడాలి. దుమ్ము, తలవెంట్రుకలు, వేరుశనగ పొట్టు, ఒకసారైతే ఎవరిదో కాలిపట్టీ. నడుం పట్టేస్తుంది. ఇంతా చేసి రాసింది పైన ఎవరైనా చదువుతున్నారా అంటే అదీ అనుమానమే. కిందటేడు వరసగా కొన్నాళ్ళు "గాలి బాగుంది, తోటకూర పులుసులో ఉప్పు తక్కువైంది" అని పంపాను. ఒక్కరూ కిక్కురుమనలేదు. అప్పటినుంచి నాకు తోచింది రాస్తున్నాను. చదివితే చదవండి, లేకపోతే మానెయ్యండి.

మా ఊరి పేరు గొడుగుపాడు. ఊరంతా ఒకే గాజు కప్పు కింద ఉంటుంది. కొండ మీది మా ఊళ్ళలో ఎండకి మనుషులూ పశువులూ రాలిపోవడం మొదలయ్యాక అందర్నీ దింపుకొచ్చి ఇక్కడ పెట్టారు. కొండ ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంటుంది. పొద్దున్న అద్దాలు తుడుస్తున్నప్పుడు దాని వంక చూడకూడదనుకుంటాను, చూస్తాను. పచ్చగా ఉన్నప్పటి కొండే నా కళ్ళలో ఉండిపోయింది. ఈ మట్టిరంగు కొండ మాదేనా అని రోజూ అనుమానం వస్తుంది.

ఇక్కడ మొట్టమొదటి నియమం, నిప్పు వద్దు. అందరం పీల్చేది ఒకటే గాలి, తిరిగి తిరిగి వచ్చేదే. వంట కరెంటు పళ్ళెం మీద. దేవుడి ముందు దీపం కూడా కరెంటుదే. నిప్పు రాజేసిన వాళ్ళని బయటి పనికి పంపుతారు, అంటే ఎండతో కరెంటు తీసే పలకల్ని ఎండలో నిలబడి తుడవడానికి. వెళ్ళొచ్చిన వాళ్ళ వీపులు చూశాక ఇంకెవరికీ ఆ బుద్ధి పుట్టదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి పొగంటే పుస్తకంలో బొమ్మ, అంతే.

అలాంటిది ఇవాళ పొగముల్లు కదిలింది. గాలిలో పొగ ఉంటే వణికే సూదిని మేం అలా పిలుస్తాం, ఊళ్ళో ప్రతి అరలోనూ ఒకటి ఉంటుంది. కదిలింది మడుల అరలోది, కూరగాయలు పండించే చోటుది. ఒక్కసారి వణికి మళ్ళీ పడుకుంది. పైన "పొగ లేదు" అని రాసింది కొట్టెయ్యడం లేదు. సూది కీలు వదులైందేమో, నూనె వేసి చూస్తాను.

అశ్వని కార్తె, గురువారం

నూనె వేశాను. మళ్ళీ కదిలింది. సూది తప్పు కాదు.

ఆ సంగతి ఉంచండి. ఇవాళ కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద తవిటయ్య. వరసకి నాకు అన్న. మంచివాడే, కానీ ఇవాళ ఆ మనిషి నోట వచ్చిన మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది.

"గడ్డల మడి తవ్వించీసి కందులేద్దారి. పిల్లలకి పప్పు సాలట్నేదు," అన్నాడు.

గడ్డల మడిలో ఉన్నవి కొండగంట గడ్డలు. కొండగంట మా కొండ మీద తప్ప మరెక్కడా పూయని పువ్వు. చిన్న ఉల్లిపాయంత గడ్డ, ఏడాదంతా నేలలో చచ్చినట్టు పడి ఉంటుంది. తొలకరి వేళకి ఆకైనా లేకుండా ఒక్క కాడ లేపి, దాని చివర తెల్లటి గంటని తలకిందులుగా వేలాడదీస్తుంది. లోపల ఎర్ర చారలు. వాసనేమీ గొప్పగా ఉండదు.

మా ఇళ్ళల్లో మనిషి పోతే, ఇంటి పాదులోంచి ఒక పిల్లగడ్డ విడదీసి ఆ మనిషి కోసం నాటతాం. అది పూసే దాకా పోయినవాళ్ళ పేరు ఎవరూ పలకకూడదు. పూసిన రోజు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చుని, పేరు పెట్టి పిలిచి, ఆ ఏడాది సంగతులన్నీ చెప్పి, కడుపారా ఏడ్చి, అక్కడే అన్నం తిని లేస్తాం. అక్కడితో మైల తీరుతుంది. ఆ పేరు మళ్ళీ పుట్టే బిడ్డకి పెట్టుకోవచ్చు. కొండ మీద ఇదంతా ఏడాది తిరక్కుండా అయిపోయేది.

ఈ కప్పు కిందికి వచ్చాక ఒక్క గడ్డా పూయలేదు. పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు, మడి నిండుతూనే ఉంది, పేర్లు మాత్రం మా నోళ్ళలోనే ఉండిపోయాయి. ఏటా మృగశిరకి వాన గొట్టం తిప్పుతాం. ఉరుము వింటేనే గడ్డ నిద్ర లేస్తుందని మావాళ్ళ నమ్మకం, అందుకని బడి మైకులో ఉరుముల రికార్డు కూడా పెడతాం. పిల్లలు చెవులు మూసుకుని కేరింతలు కొడతారు. పెద్దవాళ్ళం మడి చుట్టూ నిలబడి మట్టి వంక చూస్తాం. ఆకులొస్తాయి. పువ్వు రాదు.

ఆ మడిలో మా ఇంటాయన గడ్డ కూడా ఉంది. అసలు ఆ పాదులన్నిటినీ కొండ మీంచి కావిడి కట్టి మోసుకొచ్చిందే ఆయన. రెండో కావిడి దింపాక ఎండదెబ్బకి పడిపోయి మళ్ళీ లేవలేదు. ఆ మడిని తవ్విస్తానంటే నేనెలా ఊరుకుంటాను? లేచి అరిచాను.

తవిటన్న నన్ను పూర్తిగా అరవనిచ్చి అప్పుడు అన్నాడు. "నాకు మాత్రం నేదేటి దాలమ్మా ఆ మడిలో? నా కూతుర్ని కూడా అందులోనే కదా ఎట్టినాను. ఏటేటా సూసి సూసి కళ్ళు కాయలు కాసినాయి. ఇంక నానలగ నిలబడనేను."

నేను కూర్చుండిపోయాను. ఈ మృగశిర వెళ్ళేలోగా ఒక్క పువ్వైనా రాకపోతే మడి తవ్వడమేనని తీర్మానం అయింది. గడ్డలు ఎరువు గుంటలోకి పోతాయి. అప్పుడింక ఆయన పేరు ఈ జన్మలో పలకడానికి లేదు.

భరణి కార్తె, మంగళవారం

పొగ ఉంది. కారణం తెలియలేదు.

పై ఆఫీసుకి ఆ మాట చాలు. అసలు జరిగింది ఇది.

సూది రోజూ పొద్దున్నపూట ఒకే వేళకి వణుకుతోంది. అందుకని ఇవాళ జల్లెడల పని పక్కన పెట్టి మడుల అరలో కాపు కాశాను. అక్కడ మా అత్త అసిరమ్మ తప్ప పురుగు లేదు. ఆవిడ పొద్దున్నే చెంబుతో చోడి అంబలి పట్టుకుని గడ్డల మడికి వస్తుంది, కొడుకు గడ్డ మీద పోస్తుంది, పక్కనున్న రాతి గట్టు మీద ఎండ ఎక్కేదాకా కూర్చుంటుంది. రోజూ అంతే.

"అత్తా, ఇక్కడ ఎవరైనా ఏమైనా కాల్చారా?"

"ఊఁహూఁ."

"ఏదైనా వాసన తగిలిందా?"

"ఊఁ."

"తగిలిందా, లేదా?"

"ఊఁ."

మా అత్త ఒక్క మాట అడిగితే పది మాటలు చెప్పే మనిషి. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోరు మూసుకుని ఉండగా నేను చూడలేదు. దగ్గరికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. బుగ్గ ఒక పక్క కొంచెం ఉబ్బి ఉంది. పెదాల మధ్య నుంచి చిన్న గోధుమరంగు ముక్క బయటికి కనిపిస్తోంది.

"అత్తా, నోరు తెరువు."

తల అడ్డంగా ఊపింది. ఊపేసరికి దగ్గొచ్చింది. దగ్గుతో పాటు ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది. గోడ మీద సూది గజగజలాడింది.

అడ్డపొగ! కొండ మీద మా ఆడవాళ్ళు చుట్టని తిరగేసి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరిపోదు, వానకి తడవదు, చంకలో పిల్లాడి మీద నిప్పు రాలదు. పొగ కూడా అంతగా బయటికి రాదు. ఊరందరి గాలిని కాపలా కాసే దాన్ని నేను, నా ఇంట్లోనే నా ముక్కు కిందే ఈవిడ చుట్ట కాలుస్తోంది.

"పొగాకు ఎక్కడిదే నీకు?" అత్తని పట్టుకుని 'ఏమే' అన్నట్టు అడిగేశాను, కోపం అలాంటిది.

చుట్ట తీసి గట్టుకి రాసి ఆర్పింది. "ముల్లంగి మడిలో, మద్దిన నాలుగు మొక్కలేసినాను. అందరూ బచ్చలనుకున్నారు. వంటింట్లో పళ్ళెం ఎర్రగయ్యే దాకా ఉంచీసి అంటించుకుంతన్నాను. ఏటి, సెప్పీత్తావా? సెప్పీ. ఈ వయసులో నన్ను ఎండలోకి పంపించి ఆలేటి బాగుపడతారో సూద్దును."

తిట్టాలని నోరు తెరిచాను. ఆ వాసన లోపలికి పోయింది. ఇక తిట్టలేకపోయాను. మా అమ్మ పొయ్యి ఊదుతూ చీర కొంగుతో కళ్ళు తుడుచుకోవడం, చలిమంట చుట్టూ కాళ్ళు చాపుకుని కూర్చున్న మా పిన్నులు, పోడు తగలబెట్టి ఇంటికొచ్చిన రోజు మా ఇంటాయన చొక్కా, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ చొక్కాని ఉతకడానికి కూడా నాకు మనసొప్పేది కాదు. ఇన్నేళ్ళుగా రోజూ గాలిని కడుగుతూ కూర్చున్నాను, నాకు ఎంత మొహం వాచిపోయిందో నాకే తెలియలేదు.

"ఇంకొకటి ఉందా?" అని అడిగాను.

మా అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఓలమ్మో! గాలి ఆపీసరమ్మకి సుట్ట కావాలంట!" అని నవ్వి, బొడ్లోంచి ఇంకొకటి తీసి వంటింట్లో అంటించుకొచ్చింది. నేను కాల్చలేదు. ఆవిడ కాలుస్తుంటే పక్కన కూర్చున్నాను. పొగ వదిలేటప్పుడల్లా ఆవిడ కొడుకు గడ్డ వైపు నుంచి ముఖం పక్కకి తిప్పుకుంటోంది.

"అదేంటత్తా?"

"ఆడికి పొగ పడదు కదే. సిన్నప్పట్నుంచీ దగ్గు."

భరణి కార్తె, శనివారం

పొగ ఉంది. కారణం ఇంకా తెలియలేదు. తెలియబోదు కూడా.

ఇవాళ మా అత్త కేక విని జల్లెడ చేతిలోంచి జారవిడిచి పరిగెత్తాను. పడిపోయిందనుకున్నాను. గట్టు మీద నిలబడి వేలు చూపిస్తోంది, మాట రావడం లేదు. ఈసారి నోట్లో చుట్ట లేదు.

మా ఇంటాయన గడ్డ పక్కనున్న గడ్డ నుంచి కాడ లేచింది. ఆకు లేదు. ఒట్టి కాడ, చిటికెన వేలంత, చివర మూసుకున్న మొగ్గ. వాన గొట్టం ఇంకా తిప్పలేదు. ఉరుములూ వెయ్యలేదు. కూర్చుని దాన్ని ముట్టుకోబోయి భయమేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇది ఎవులిదే?" అంది అత్త.

"తవిటన్న కూతురిది."

గట్టు మీద ఆవిడ కూర్చునే చోటు చూశాను. ముఖం తిప్పి పొగ వదిలే వైపు చూశాను. ఆ గడ్డ చుట్టూ ఆవిడ నోట్లోంచి రాలిన చుట్ట నుసి సన్నగా పడి ఉంది. అప్పుడు తట్టింది. కొండ మీద కొండగంట వానకి పూసిందనుకున్నాం, ఉరుముకి లేచిందనుకున్నాం. వాన రాకముందు మేం ఏటా చేసేది ఒకటి ఉంది కదా. పోడు కోసం వాలు మీది ఎండుగడ్డికి నిప్పు పెట్టేవాళ్ళం. కొండ కొండంతా రోజుల తరబడి పొగలో ఉండేది. ఆ తర్వాత వాన పడేది, ఆ తర్వాత పువ్వు. రికార్డు పెట్టి ఉరుముల్ని తెచ్చుకున్నాం కానీ, పొగని మాత్రం నేనే రోజూ జల్లెడ పట్టి పారబోస్తున్నాను.

అత్తకి చెప్పాను. ఆవిడ కొడుకు గడ్డ వైపు చూసి, "అయితే ఆడి మొకాన ఊదాల్సింది నాను," అని ఏడ్చింది. అప్పటికప్పుడు చుట్ట అంటించుకొచ్చి అటు తిరిగి కూర్చుంది. నేను వారించలేదు.

కృత్తిక కార్తె, బుధవారం

పొగ ఉంది. కారణం తెలుసు. మా అత్త అసిరమ్మ చుట్ట. నాకు తెలిసీ దాచాను. ఇద్దరం శిక్షకి సిద్ధమే. ఇది చదివేవాళ్ళు పైన ఎవరైనా ఉంటే వచ్చి అడగండి.

పువ్వు ఇవాళ విచ్చింది. తవిటన్నని నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఏంటో చెప్పలేదు, మడుల అరలో గాలి పని ఉంది రమ్మన్నాను. గుమ్మంలోంచి చూసి ఆగిపోయాడు. చివరికి వచ్చి మట్టిలో చతికిలబడ్డాడు. ఆ పెద్ద మనిషి వేలితో పువ్వుని కింది నుంచి కొంచెం ఎత్తి లోపలి ఎర్ర చారలు చూశాడు.

"వరాలూ," అన్నాడు.

అది ఆ పిల్ల పేరు. కొండ దిగిన మొదటి ఎండాకాలంలో పోయింది. ఇన్నేళ్ళకి ఆ పేరు విన్నాను. "వరాలూ, వరాలమ్మా, నాన్నొచ్చినానే," అంటూ తల మట్టికి ఆనించి ఏడ్చాడు. వాళ్ళావిడకి కబురు పెట్టాం. ఆవిడ అన్నం గిన్నెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఆ పక్కన కూర్చుని పిల్లకి ఏవేవో చెప్పుకున్నారు. తమ్ముడు పుట్టాడని చెప్పారు. వాడికి ముందు పళ్ళు ఊడాయని చెప్పారు. నేను, అత్త అవతలికి వెళ్ళి నిలబడ్డాం.

తర్వాత తవిటన్న మా దగ్గరికి వచ్చాడు. ఎలా పూసిందని అడిగాడు. అత్త నోరు తెరిచి చూపించింది. చుట్ట ఉంది లోపల. ఆయన ఆ నోటి వంక, గోడ మీద ఊగుతున్న సూది వంక చూసి, నవ్వాలో అరవాలో తెలియక తల పట్టుకున్నాడు.

"నన్ను పంపించీ నాయనా ఎండలోకి," అంది అత్త. "అయితే ఈ మడంతా పూసినాకే ఎల్తాను."

"ఒక్క సుట్టతో మడంతా ఎలగ పూత్తాదత్తా?"

"సుట్టతో ఎందుకు? పోడెట్టీ."

ఇద్దరూ నా వైపు తిరిగారు. గాలి నాది కదా. తవిటన్న అడిగాడు, "ఔతాదేటి దాలమ్మా?"

అవుతుందో కాదో నాకు నిజంగా తెలియదు. ఆలోచించుకోవడానికి గడువు అడిగాను.

రోహిణి కార్తె, ఆదివారం

ఇవాళ పొగ ఉంది. మడుల అర నిండా ఉంది. నేనే పెట్టాను.

ముందు ఊరందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. మడుల అర తలుపులు మూసి, గాలి గొట్టాలు ఆపి, నిప్పు పెడతాం. పొగ గడ్డలకి పట్టాక పై కిటికీ తెరిచి బయటికి వదిలేస్తాం. కిటికీ తెరిస్తే చల్లగాలి పోతుంది, బయటి వేడి లోపలికి వస్తుంది. మళ్ళీ ఊరు చల్లబడే దాకా ఉక్కపోతతో పడుకోవాలి. చిన్నపిల్లల్ని, ఆయాసం ఉన్నవాళ్ళని బడి అరలో పెట్టి తలుపు బిగిస్తాను. ఏ ఒక్కరికి ఇష్టం లేకపోయినా చెయ్యను. పై ఆఫీసు అనుమతి తీసుకోవద్దా అని ఒకరన్నారు. రోజూ రాస్తున్నాను, చదివితే కదా అన్నాను. ఎవరూ కాదనలేదు.

తీరా చూస్తే కాల్చడానికి ఏమీ లేదు. ఇక్కడ ఆకు అలమూ పచ్చిగానే ఎరువు గుంటలోకి పోతుంది, ఎండుపుల్ల అనేదే ఉండదు. అప్పుడు మా పక్కింటావిడ తన ఇంటికి వెళ్ళి కొండచీపురు తెచ్చి మడి మీద పెట్టింది. కొండ దిగినప్పుడు వెంట తెచ్చుకున్నది, వాడకుండా దాచుకున్నది. ఇంక అందరూ బయల్దేరారు. వెదురు చేట, ధాన్యం బుట్ట, విసనకర్ర, చేపలు పట్టే మావు, ఉయ్యాల తడిక. ఒక్కొక్కరూ తెచ్చి పెట్టి, ఇంకోసారి తడిమి, వెనక్కి వచ్చారు. ఎవరింట్లోనూ కొండదంటూ ఇంకేం మిగిలి ఉండదు.

నేను మా ఇంటాయన గిడుగు తెచ్చాను. వానలో నెత్తిన, వీపున కప్పుకునే అడ్డాకుల గిడుగు. దాని కింద ఇద్దరం నిలబడి ఒకసారి వాన వెలిసే దాకా పోట్లాడుకున్నాం, దేని గురించో గుర్తు లేదు. ఎంత గుర్తుచేసుకున్నా రావడం లేదు. ఇచ్చెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. ఆయన పువ్వు కోసమే కదా అనుకుని పెట్టేశాను.

అత్త తన చుట్టతోనే అంటించింది. కొండచీపురు చిటపటమని అంటుకుంది. సూది ఒక్కసారి ఆ చివరికి కొట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నేను మూతికి గుడ్డ కట్టుకోవాలి, కట్టుకోలేదు. పొగ కళ్ళలోకి వచ్చింది, గొంతులోకి వచ్చింది. ముసలివాళ్ళు తలుపు ఇవతలే ఉండమన్నా వినకుండా లోపలికి వచ్చేశారు. దగ్గుతున్నారు, ఏడుస్తున్నారు, మళ్ళీ నవ్వుతున్నారు. "మా ఊరి వాసన, మా ఊరి వాసన," అంటూ ఒకావిడ పైట నిండా పొగ పట్టుకుంటోంది. కిటికీ తెరవడానికి నాకు చేతులు రాలేదు. తవిటన్న వచ్చి "దాలమ్మా, సాలింక," అంటే తప్ప తెరవలేదు.

ఇప్పుడు ఊరు పొయ్యి మీద కుండలా ఉంది. ఎవరూ నన్ను తిట్టడం లేదు. నా జుట్టుకి పొగ వాసన. రేపు తలంటుకోను.

మృగశిర కార్తె, శుక్రవారం

గాలి బాగుంది. తేమ ఎక్కువ. పొగ లేదు.

మడంతా తెల్లగా ఉంది. నిన్న మొగ్గలు, ఇవాళ పొద్దున్నకి గంటలు. కబురు పెట్టాల్సిన పని లేకుండా జనం వచ్చేశారు. ఇన్నేళ్ళూ నోళ్ళలో దాచుకున్న పేర్లన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. పోలమ్మా అని ఒకరు, గురువులూ అని ఒకరు, తాతా నీ పేరు వీడికి పెడుతున్నామని చంటివాడిని పైకెత్తి ఒకరు. పిల్లలు వాళ్ళెవరు, వీళ్ళెవరు అని అడుగుతూనే ఉన్నారు, పెద్దవాళ్ళు చెబుతూనే ఉన్నారు. కందుల మాట గానీ, మా శిక్ష మాట గానీ తవిటన్న ఎత్తలేదు. వరాలు గడ్డకి పక్కన పిల్లగడ్డ పుట్టిందేమోనని మట్టి తడిమి చూస్తున్నాడు.

మా ఇంటాయన గడ్డ పూయలేదు.

అందరి పూలూ చూశాక మా దాని దగ్గర కూర్చున్నాం, అత్తా నేనూ. కాడ లేదు, ఆకు లేదు. ఇంకా టైముందిలే అన్నాను. అత్త వినిపించుకోలేదు. వేలితో మట్టి పక్కకి తోసింది. ఇంకొంచెం తోసింది. గడ్డ లేదు. ఖాళీ పొర, గోధుమరంగుది, వేలు తగలగానే జారిపోయింది. పుల్లటి వాసన. అంబలి వాసన.

అత్త ఆ పొరని అరచేతిలో పెట్టుకుని చూసింది. "నానే కుళ్ళబెట్టీసినానే," అంది. "ఆకలేత్తాదని రోజూ పోసినాను. నానే సంపీసినాను నా కొడుకుని."

"నీ వల్ల కాదత్తా, ఎండదెబ్బ," అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. నాకూ ఏడుపే వస్తోంది. ఆ గిడుగు కాల్చినందుకు, ఊరందరి పేర్లూ చెవుల్లో పడుతున్నందుకు, మా పేరు మాత్రం మాకు లేకుండా పోయినందుకు.

చుట్టూ సద్దుమణిగింది. అందరూ మా వైపు చూస్తున్నారు. తవిటన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "అత్తా, మీ పాదులో ఇంకా పిల్లగడ్డలున్నాయి కదా. ఇంకోటి నాటుదారి. వొచ్చే ఏటికి పొగెడతాం, పూత్తాది. ఒక్క ఏడు ఓపిక పట్టండి."

"వొచ్చే ఏటికి నానుంటానేటిరా?"

తవిటన్న చేత్తో ఆ గుంటలోకి మట్టి తోశాడు.

అత్త నా భుజం ఆసరా చేసుకుని లేచింది. చేతిలో పొర కింద పడేసి, చెయ్యి చీరకి తుడుచుకుంది. "ఆణ్ని కన్నదెవులు? నాను. పేరెట్టిందెవులు? నాను. అప్పుడే పువ్వునడిగి ఎట్టినాన్రా ఆ పేరు?"

అద్దం దగ్గరికి నడిచింది. అవతల కొండ ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వాలు మీద పని చేస్తున్న మనిషిని పిలిచినట్టు, ఊరు అదిరేలా పిలిచింది.

"ఒరే జోగులూ! సీకటడిపోతంది, ఇంటికి రారా!"

తప్పు అని ఎవరూ అనలేదు. ముసలివాళ్ళు కూడా అనలేదు. అత్త మళ్ళీ పిలిచింది. మూడోసారికి గొంతు జీరపోయింది. నా వైపు తిరిగి చెయ్యి పట్టుకుని లాగింది. "నువ్వూ పిలు."

మా ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. "ఇదిగో" అంటే పలికేవాడు, "ఏమయ్యా" అంటే పలికేవాడు. కోపం వస్తే అదీ అనకుండా గిన్నెలు చప్పుడు చేసేదాన్ని, దానికీ పలికేవాడు. ఆ పేరు పువ్వు రాక నేను అనకపోవడం కాదు. బతికుండగా కూడా ఒక్కసారీ నా నోటితో అనలేదు. మొదటిసారి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి వచ్చింది.

"జోగులూ," అన్నాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. జల్లెడలు ఇవాళ కడగలేదు. అత్త గోడవైపు తిరిగి పడుకుంది, నిద్రపోయిందో లేదో తెలియదు. నా గొంతులో ఆ పేరు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ వినలేదు. పిలిస్తే పలికే రోజుల్లో పిలిచి ఉండాల్సింది. తలుపు దగ్గరికి వేసి, మెల్లగా ఇంకోసారి పిలిచాను.